నవ్విస్తే గొడవలు తగ్గుతాయా? బస్తీలో స్టాండప్ ప్రోగ్రాం, సలహా కావాలి

మైక్‌టెస్టింగ్ · శుక్రవారం రాత్రి 10:42

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో శని, ఆదివారాలు తెలుగు ఓపెన్ మైక్‌లు (ఎవరైనా స్టేజీ ఎక్కి జోకులు చెప్పే స్టాండప్ షోలు) చేస్తుంటాను. పగలు ఉద్యోగం, రాత్రి కామెడీ, మధ్యలో అమ్మ తిట్లు.

మాకు దగ్గర్లో ఒక బస్తీ ఉంది. పోయినేడు ఊరేగింపు టైంలో డీజే సౌండ్ దగ్గర మాటామాటా పెరిగి రెండు గుంపులు కొట్టుకున్నాయి. ప్రాణాలు పోలేదు గానీ షాపుల అద్దాలు పగిలాయి, కొంతమంది కుర్రాళ్ల మీద కేసులు ఇంకా నడుస్తున్నాయి. అప్పటిదాకా కలిసి క్రికెట్ ఆడిన పిల్లలు ఇప్పుడు అదే గ్రౌండ్‌లో పొద్దున ఒక గుంపు, సాయంత్రం ఒక గుంపు ఆడుతున్నారు.

అక్కడి యూత్ క్లబ్ వాళ్లు వచ్చి "శాంతి కోసం కామెడీ అని ఒక సాయంత్రం పెడదాం అన్నా, కమ్యూనిటీ హాల్ గోడ మీద పిల్లలతో బొమ్మలు వేయిద్దాం, హోస్ట్ నువ్వే" అన్నారు. సరే అన్నాను. అన్నప్పటినుంచి టెన్షన్. మతం జోలికి వెళ్తే తంటా. వెళ్లకపోతే ట్రాఫిక్ మీద, పెళ్లాం మీద నాలుగు జోకులేసి వచ్చేయాలి, దానికి శాంతి అని పేరెందుకు? ఎక్కడైనా ఇది నిజంగా పనిచేసిందా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

గోదారోడు · శుక్రవారం రాత్రి 11:05

తమ్ముడూ, నిరుత్సాహపరుస్తున్నానని అనుకోవద్దు. 1961లో పీటర్ కుక్ అనే ఇంగ్లిష్ కమెడియన్ లండన్‌లో రాజకీయ వ్యంగ్యం కోసం ఒక క్లబ్ తెరిచాడు. దేన్ని చూసి పెట్టారని అడిగితే, హిట్లర్ రాకుండా, రెండో ప్రపంచ యుద్ధం జరగకుండా అంత గొప్పగా ఆపేసిన బెర్లిన్ క్యాబరేలను (పాటలతో, స్కిట్లతో వ్యంగ్యం చేసే క్లబ్బులను) చూసి అన్నాడట. అంతకంటే బాగా చెప్పినవాళ్లు నాకు తెలిసి లేరు.

జోకులు వేసుకోండి, తప్పులేదు. దాని నెత్తిన శాంతి కిరీటం పెట్టకండి, అంతే.

---

నల్లకుంట_నాని · శుక్రవారం రాత్రి 11:31

గోదారోడు గారి మాటకి నాదో ఉదాహరణ. సారాయెవోలో (అప్పటి యుగోస్లావియా, ఇప్పుడు బోస్నియా రాజధాని) 1980ల్లో ఒక టీవీ కామెడీ బృందం ఉండేది, సర్రియలిస్టులని పేరు. యుగోస్లావియా అంతటా పిచ్చిగా చూసేవారు. యుద్ధానికి ముందే వాళ్లు ఒక స్కిట్ చేశారు: ఒకే అపార్ట్‌మెంట్‌లో ఒక కుటుంబం రెండుగా చీలిపోయి గదుల కోసం యుద్ధం చేసుకుంటుంది. ఇంకోదాంట్లో నగరం మధ్యలో గోడ. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. 1992 ఏప్రిల్‌లో సెర్బు బలగాలు నగరాన్ని నిజంగానే చుట్టుముట్టాయి, 1996 ఫిబ్రవరి దాకా వదల్లేదు. ఆ బృందం కూడా చీలింది. కొందరు వెళ్లిపోయారు, కొందరు ఆ ముట్టడిలోనే ఉండి ప్రోగ్రాం చేశారు.

అంటే కమెడియన్‌కి ముందే కనపడింది. కనపడి ఏం లాభం?

---

బెల్‌ఫాస్ట్_సునీత · శనివారం ఉదయం 4:18

నైట్ డ్యూటీ అయ్యి ఇప్పుడే ఇంటికొచ్చా, నిద్ర పట్టక ఇది చూశా. మాది గుంటూరు, ఇక్కడ నర్సుగా చేస్తున్నా. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

ఇక్కడి గొడవ తెలియనివాళ్లకి క్లుప్తంగా: ఉత్తర ఐర్లండ్‌లో 1960ల చివరి నుంచి 1998 దాకా మూడువేల అయిదువందల మంది చనిపోయారు. కాథలిక్‌లు, ప్రొటెస్టెంట్‌లు అని చెప్తారు గానీ అసలు గొడవ బ్రిటన్‌తో ఉండాలా, ఐర్లండ్‌తో కలవాలా అని. 1998 ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే ఒప్పందం అయింది. ఇళ్ల మధ్య కట్టిన గోడలు మాత్రం ఇంకా ఉన్నాయి. వాటిలో కొన్ని గేట్లు ఇప్పటికీ రాత్రికి మూసేస్తారు. నేను మొదటిసారి చూసినప్పుడు ఏదో ఫ్యాక్టరీ ప్రహరీ అనుకున్నా, అంత ఎత్తు.

కామెడీ సంగతికొస్తా. ప్యాట్రిక్ కీల్టీ అని ఇక్కడ చాలా పేరున్న కమెడియన్. ఇప్పుడు ఐర్లండ్ టీవీలో పెద్ద టాక్ షో ఆయనదే. 1988 జనవరిలో, ఆయనకి 16 ఏళ్లప్పుడు, డండ్రమ్ అనే ఊళ్లో ఆయన తండ్రిని లాయలిస్టులు (బ్రిటన్‌తోనే ఉండాలనే వైపు తుపాకీ గుంపు) కాల్చి చంపారు. అయిదారేళ్లు తిరిగేసరికి ఆ అబ్బాయి బెల్‌ఫాస్ట్‌లో ఎంపైర్ అనే చోట స్టాండప్ హోస్ట్ చేస్తున్నాడు. అది పాత చర్చి, తర్వాత మ్యూజిక్ హాల్ చేశారు. బొటానిక్ అవెన్యూలో ఇప్పటికీ ఉంది. ఒప్పందం ఇంకా కుదరని రోజులు, బయట కాల్పులు జరుగుతూనే ఉన్నాయి. ఆ హాల్లో ఆయన రెండు వైపుల తుపాకీ గుంపుల మీదా జోకులేసేవాడు. వినేవాళ్లలో రెండు వైపులవాళ్లూ ఉండేవాళ్లు.

తండ్రిని పోగొట్టుకున్నవాడు కాబట్టి "నీకేం తెలుసురా ఈ బాధ" అని ఆయన్ని ఎవరూ అనలేరు. అదే జోకు లండన్ నుంచి ఎవరో వచ్చి వేసి ఉంటే కుర్చీలు లేచేవి.

ఇంకో సంగతి. ఆయన తండ్రి కేసులో శిక్ష పడ్డవాళ్లు ఒప్పందంలో భాగంగానే ముందే బయటికొచ్చారు. అయినా ఆయన ఒప్పందం వైపే నిలబడ్డాడు. ఒప్పందానికి ఇరవై ఏళ్లయిన సందర్భంగా 2018లో బీబీసీకి డాక్యుమెంటరీ చేస్తూ, లాయలిస్టు సంస్థలో పెద్ద నాయకుడిగా ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడాడు. అందులో జోకులు పెద్దగా లేవు. కానీ రోజూ మైకు ముందు నిలబడ్డ అలవాటు లేకపోతే ఆ కుర్చీలో కూర్చోగలిగేవాడా అని నాకో అనుమానం.

గోదారోడు అన్నయ్యా, శాంతి తెచ్చింది కమెడియన్‌లు కాదు, నిజమే. చర్చలు, రాజీలు, అలసట తెచ్చాయి. మరి వచ్చింది నిలబడాలంటే రెండు వైపులవాళ్లు ఒక చోట కూర్చోవాలి కదా, దానికి ఏదో ఒక వంక కావాలి. ఇక్కడ పిల్లల్లో ఎక్కువమందివి ఇప్పటికీ వేర్వేరు స్కూళ్లే.

---

మైక్‌టెస్టింగ్ · శనివారం ఉదయం 9:10

సునీతక్కా, థాంక్స్. "ఎవరు చెప్తున్నారు" అన్నది నేను ఆలోచించనే లేదు. నేను ఆ బస్తీవాణ్ణి కాదు. మా ఇంటి అద్దం పగల్లేదు.

---

పాతబస్తీవాలా · శనివారం ఉదయం 11:47

సలాం భాయ్. బెల్‌ఫాస్ట్ దాకా పోయారు, ఇంట్లో ఉన్నది మర్చిపోయారు.

మా అబ్బాజాన్‌కి మజాహియా ముషాయిరా అంటే ప్రాణం. దక్కనీలో, అంటే మన ఇక్కడి ఉర్దూలో, హాస్య కవిత్వం చదివే సభ. జిందాదిలాన్-ఎ-హైదరాబాద్ అని సంస్థ ఉంది, శుగూఫా అని వాళ్ల హాస్య మాసపత్రిక. సర్వర్ దండా, హిమాయతుల్లా, గౌస్ ఖామఖా లాంటి కవుల పేర్లు మా ఇంట్లో సినిమా హీరోల పేర్లలాగా వినపడేవి. గుల్బర్గా వైపు సులేమాన్ ఖతీబ్ సాబ్ సంగతి వేరే. అత్తాకోడళ్ల గొడవని హాల్ ఊగిపోయేట్టు చదివేవాడు, పగలబడి నవ్వించేవాడు, చివరి చరణంలో పేదోడి బతుకు తెచ్చి ముందు పెట్టేవాడు. నవ్విన నోరు అట్లనే ఉండేది, కళ్లల్లో నీళ్లు. పేరులో స్టాండప్ లేదు గానీ నిలబడే చదివేవాళ్లు కదా.

ఆ దక్కనీలో తెలుగు, మరాఠీ మాటలు కలిసిపోయినయ్. నక్కో (వద్దు), హౌ (అవును) అంటే ఇక్కడ ఎవరికి తెల్వదు? ముషాయిరాకి హిందువులూ వచ్చేవాళ్లు, కాయస్థులు, తెలుగువాళ్లు. ఎవరూ "శాంతి కోసం" అని బ్యానర్ కట్టలేదు. నవ్వుకోవడానికి వచ్చారు, ఇంటికి పోయారు.

నేనైతే ఆ పేరు తీసేయమంటా. 'శాంతి' అనగానే బస్తీలో అందరికీ తెలుస్తది, పోలీసోళ్ల మీటింగ్ అని.

---

గోదారోడు · శనివారం మధ్యాహ్నం 12:20

పీస్ కమిటీ మీటింగ్ అనగానే మా ఊళ్లో కూడా టిఫిన్ అయ్యాక ఎవరూ ఉండరండీ.

---

వరంగల్_విజయ · శనివారం మధ్యాహ్నం 2:02

నాది వేరే మాట, కొంచెం కటువుగా ఉంటుంది.

1990 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో గొడవలైనప్పుడు మా మేనమామ దుకాణం తగలబెట్టారు. వందమందికి పైగా చనిపోయిన గొడవలు, అందులో ఒక దుకాణం ఎవరి లెక్కలోకి వస్తుంది? ఆయన ఆ తర్వాత వరంగల్ వచ్చేశాడు, మళ్లీ వ్యాపారం పెట్టలేదు. ఆయన్ని ఎవరైనా తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టి "నవ్వండి మామయ్యా, గాయం మానుతుంది" అంటే ఆయన కాదు, నేనే మైకు లాక్కుంటాను.

నవ్వితే మర్చిపోయినట్టు లెక్క కడతారు. నష్టపరిహారం ఎవరూ అడగరు. కేసు ఏమైందో ఎవరూ అడగరు. ఫోటోలు మాత్రం బాగా వస్తాయి, రెండు వైపుల పిల్లలు చేతులకి రంగులు పూసుకుని.

---

వి_కౌన్సెలర్ · శనివారం సాయంత్రం 5:36

విజయ గారు చెప్పింది ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన మాట. మైక్‌టెస్టింగ్ గారూ, దాన్ని దాటిపోకండి.

మానసిక ఆరోగ్య రంగంలో పని చేస్తాను. దెబ్బ తిన్న మనిషి తన కథని తానే, తనకి ఇష్టమైన వరసలో చెప్పుకోగలిగితే కొంత తేరుకుంటాడు. జోకుకి ఆ శక్తి ఉంది. ఎక్కడ ఆపాలి, ఎక్కడ తిప్పాలి, జనం ఎప్పుడు నవ్వాలి, అన్నీ చెప్పేవాడి చేతిలో ఉంటాయి. గొడవ జరిగినప్పుడు వాడి చేతిలో ఏమీ లేదు కదా. కెనడాలోని వాంకూవర్‌లో డేవిడ్ గ్రానిరర్ అని ఒక కౌన్సెలర్ ఉన్నారు, స్టాండప్ కూడా చేస్తారు, డిప్రెషన్ స్వయంగా అనుభవించినవారు. 2004 నుంచి మానసిక సమస్యలున్నవాళ్లకి స్టాండప్ నేర్పించి స్టేజీ ఎక్కిస్తున్నారు. వాళ్ల జబ్బు గురించి వాళ్లే జోకులు రాసుకుంటారు. వాళ్ల మీద వేరేవాళ్లు వేయరు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆస్ట్రేలియా కమెడియన్ హానా గాడ్స్‌బీ 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన షోలో ఇదే నిలదీశారు. జోకు అంటే ముందు టెన్షన్ పుట్టించి తర్వాత నవ్వుతో దించేయడం. తన మీద జరిగిన దాడిని ఏళ్లపాటు జోకుగా చెప్తూ, నవ్వు వచ్చే చోట కథ ఆపేసేదాన్నని, అసలు జరిగిన ముగింపు ఎప్పుడూ చెప్పలేదని అన్నారు. ఆ షోలో మాత్రం మొత్తం చెప్పారు, టెన్షన్ దించకుండా జనానికే వదిలేశారు. విజయ గారి మామయ్య కథలో నవ్వు లేకపోతే లేదు. దాన్ని అలాగే చెప్పే చోటు కూడా ఆ సాయంత్రంలో ఉండాలి.

ఇంకోటి: ఎవరినీ స్టేజీ మీదికి బలవంతంగా లాగకండి. "ఏం బాబూ, ఆరోజు నువ్వు ఎటువైపు?" లాంటి సరదా ప్రశ్నలు అసలే వద్దు. చాలామంది హోస్ట్‌లు ముందు వరసని ఆటపట్టించడం అలవాటు చేసుకున్నారు, ఇక్కడ అది ప్రమాదం.

---

బెల్‌ఫాస్ట్_సునీత · ఆదివారం ఉదయం 12:55

విజయక్కా, మీ మాట చదివి డెర్రీలో చూసిన ఒక బొమ్మ గుర్తొచ్చింది.

డెర్రీ ఇక్కడ రెండో పెద్ద ఊరు. బాగ్‌సైడ్ అనే పేటలో ఇళ్ల పక్క గోడల మీద మూడంతస్తుల బొమ్మలు ఉంటాయి. ఒకదాంట్లో ఆకుపచ్చ యూనిఫాం వేసుకున్న స్కూలు పిల్ల. 1971లో కాల్పుల్లో చనిపోయింది, 14 ఏళ్లు. ఆ పేట ఆర్టిస్టులు 1999లో గీశారు. వెనకాల బాంబుకి కూలిన ఇల్లు, పక్కన తలకిందులుగా తుపాకీ, పైన ఒక సీతాకోకచిలుక. ఆ సీతాకోకచిలుకకి రంగు వేయలేదు. ఒప్పందం అయ్యి ఏడాది దాటింది, అయినా వేయలేదు. శాంతి నిలుస్తుందన్న నమ్మకం కుదిరాకే వేస్తామన్నారు. ఏడేళ్లు ఆగారు. 2006లో దానికి రంగులద్ది, తుపాకీని మధ్యకి విరిచారు.

పిల్లలతో పావురం బొమ్మ గీయించి సాయంత్రానికి ఫోటో దిగడం కంటే నాకు ఈ పద్ధతి నచ్చింది. పూర్తి చేయకుండా వదిలేయొచ్చు. ఏం జరిగితే పూర్తి చేస్తారో ఆ బస్తీవాళ్లే అనుకోవాలి. కేసులు తేలినప్పుడో, అద్దాల డబ్బులు వచ్చినప్పుడో.

అదే ఊళ్లో 2015 మార్చిలో ఇంకో పని జరిగింది. డేవిడ్ బెస్ట్ అనే అమెరికా ఆర్టిస్టు రెండు వైపుల కుర్రాళ్లతో కలిసి ఊరిబయట కొండ మీద డెబ్భై అడుగుల పైచిలుకు చెక్క గుడి కట్టాడు. చెక్కకి సన్నటి నగిషీలు, లేసులాగా. వారం రోజులు జనం వచ్చి, చనిపోయినవాళ్ల పేర్లు, చెప్పుకోలేని మాటలు ఆ చెక్కల మీద రాశారు, ఫోటోలు పెట్టారు. తర్వాత దానికి నిప్పు పెట్టారు. ఇక్కడ నిప్పంటే మామూలు విషయం కాదు. ఏటా జులై 11 రాత్రి ఒక వర్గం వాళ్లు చెక్క పలకలు ఆకాశమంత ఎత్తు పేర్చి కాలుస్తారు, చాలాచోట్ల పైన అవతలివాళ్ల జెండా పెట్టి మరీ. అలాంటి చోట రెండు వైపులవాళ్లు పక్కపక్కన నిలబడి, ఎవరి జెండా లేని మంట చూశారు.

---

నల్లకుంట_నాని · ఆదివారం ఉదయం 8:40

సారాయెవో గురించి నేను మొదట చెప్పింది సగమే. 2012 ఏప్రిల్ 6న, ముట్టడి మొదలై ఇరవై ఏళ్లయిన రోజు, ఆ ఊరి మెయిన్ రోడ్డు మీద 11,541 ఎర్ర కుర్చీలు వేశారు, చనిపోయిన ఒక్కొక్కరికి ఒకటి. ఖాళీ కుర్చీలు. పిల్లల కోసం వేసినవి చిన్నవి, జనం వాటి మీద బొమ్మలు, పువ్వులు పెట్టి వెళ్లారు. ఉపన్యాసాలు వినడానికి వచ్చిన ఆడియన్స్ కుర్చీల్లా ఉంటాయి ఆ ఫోటోలు, అదే భయం వేస్తుంది.

కామెడీ చేయలేని పని అది. విజయ గారు అడుగుతున్న లెక్క అలాంటిదేనేమో.

---

కృష్ణాతీరం · ఆదివారం ఉదయం 10:15

బుర్రకథలో ముగ్గురుంటారు కదా. మధ్యలో కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పే వంత, ఇంకో పక్క రాజకీయం చెప్పే వంత. హాస్యగాడు జనాన్ని నవ్విస్తుంటే, రాజకీయం వంత ఈనాటి సంగతి తెచ్చి మధ్యలో పెడతాడు. 1940ల్లో ప్రజానాట్యమండలి నాజర్ గారి లాంటివాళ్లతో ఊరూరా తిప్పింది ఈ రూపాన్నే. నవ్వు ఒక్కదాన్నే నమ్ముకోలేదు మనవాళ్లు, పక్కన ఒక మనిషిని పెట్టారు.

మీ స్టేజీ మీద కూడా ముగ్గురుంటే బాగుంటుందని నా ఆలోచన. ఒక్క కమెడియన్ అంత బరువు మోయలేడు.

---

ఇరానీచాయ్ · ఆదివారం ఉదయం 11:30

అందరూ మంచిగా చెప్తున్నారు, మరి ప్రాక్టికల్ సంగతి? 2022 ఆగస్టు 20న శిల్పకళా వేదికలో స్టాండప్ కమెడియన్ మునవ్వర్ ఫారుఖీ షో గుర్తుందా? హాల్ చుట్టూ పోలీసులే. షో ప్రశాంతంగా అయిపోయింది. రెండు రోజులకి ఒక ఎమ్మెల్యే దానికి ప్రతీకారంగా ముస్లింలను నొప్పించే వీడియో పెట్టాడు, దాంతో పాతబస్తీ రోడ్డెక్కింది, ఎమ్మెల్యే అరెస్టయ్యాడు. లోపల నవ్విన జనానికీ బయట జరిగినదానికీ ఏ సంబంధం లేదు. కామెడీ షో కూడా నిప్పు పెట్టడానికి ఒక సాకు అవుతుంది ఈ ఊళ్లో.

వీడియో రికార్డింగ్ వద్దు. ముప్పై సెకన్ల ముక్క కత్తిరించి వాట్సాప్‌లో వదిలితే మీ సాయంత్రం మొత్తం పోతుంది. ఫోన్లు గుమ్మం దగ్గర కవర్లో పెట్టించండి.

---

వరంగల్_విజయ · ఆదివారం మధ్యాహ్నం 1:48

సునీతా, ఆ సీతాకోకచిలుక సంగతి మామయ్యకి ఫోన్‌లో చెప్పాను. "ఏడేళ్లేనా ఆగింది?" అన్నాడు. తర్వాత దుకాణం గురించి చాలాసేపు మాట్లాడాడు. తక్కెడ ఎటువైపు ఉండేది, ఎదురు షాపు హమీద్ అని ఒకాయన నెలాఖరుకి చిల్లర ఇచ్చేవాడు, ఆయనకి లెక్కలు అసలు వచ్చేవి కాదు, మామయ్యే కూడిపెట్టేవాడు. అది చెప్తూ నవ్వాడు. నేను నవ్వమనలేదు.

ప్రోగ్రాం మీద నా అభిప్రాయం మారలేదు. చేస్తే మాత్రం పరిహారం కాగితాలు రాసిపెట్టడానికి ఒక లాయర్‌ని కూడా ఆ హాల్లో ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టండి.

---

మైక్‌టెస్టింగ్ · ఆదివారం రాత్రి 9:25

అందరికీ పెద్ద థాంక్స్. యూత్ క్లబ్ వాళ్లతో సాయంత్రం కూర్చున్నాం. ఇలా అనుకుంటున్నాం:

పోస్టర్ మీద శాంతి అన్న మాట తీసేశాం. "మన బస్తీ నవ్వుల సాయంత్రం", అంతే. నేను స్టేజీ మీద అయిదు నిమిషాలు మించి ఉండను. ముందు నెల రోజులు ఆదివారాలు బస్తీ పిల్లలకి రాయడం నేర్పిస్తాను, రెండు వైపుల నుంచి వచ్చినవాళ్లకి. రూలు ఒకటే: ఎవరి ఇంటి మీద వాళ్లే జోకు వేయాలి, అవతలివాళ్ల మీద కాదు. ఇవాళే ఒక కుర్రాడు అన్నాడు, "అన్నా, మా నాన్న అద్దం పగిలిందని ఏడ్చిండు, అది తుడవమని ఏడేండ్ల నుంచి మా అమ్మ మొత్తుకుంటుంది, ఒక్కరోజు తుడవలే". అందరం పడీపడీ నవ్వాం, అవతలి గుంపు పిల్లలు కూడా. వాడే మళ్లీ "ఇది మా నాయన ముందు చెప్పొచ్చా?" అని అడిగాడు. అది వాళ్ల నాన్ననే అడగమన్నాను.

గోడ సగమే వేస్తాం. ఏ సగం అన్నదాని మీద ఇంకా కొట్టుకుంటున్నారు, నోటితోనే. విజయ గారూ, లాయర్ కోసం వెతుకుతున్నాం, తెలిసినవాళ్లుంటే మెసేజ్ పెట్టండి.

ఒక డౌట్ మిగిలింది. కుర్చీలు మామూలుగా వేస్తే రెండు గుంపులు రెండు పక్కల కూర్చుంటాయి, మధ్యలో దారి. ఏం చేయాలి?

---

పాతబస్తీవాలా · ఆదివారం రాత్రి 9:52

కుర్చీలే వేయకు భాయ్. జంఖానా పరువు. మధ్యలో దారి ఉంచకు, చాయ్ ఒక మూలన, సమోసా ఎదురు మూలన పెట్టు. సమోసా కోసం ఎవడైనా ఎవడి మీది నుంచైనా దాటి పోతాడు.

మైకు పర్మిషన్ మాత్రం పది గంటల దాకానే, ముందే స్టేషన్‌లో లెటర్ ఇచ్చి స్టాంప్ వేయించుకో.

---

గోదారోడు · ఆదివారం రాత్రి 10:03

సమోసాలకి నా తరఫున వెయ్యి రూపాయలు రాసుకోండి. పీటర్ కుక్‌కి చెప్పకండి.